పెద్దమ్మ నుదుటి మీద వెలుగు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం కర్నూలులోని మా ఇంటికి ఒకామె వచ్చింది. నలభై దాటిన మనిషి. చేతిలో క్యాలెండర్లు చుట్టిపెట్టే అట్టగొట్టం ఉంది. తలుపు తీసిన నన్ను ఎగాదిగా చూసి, "బేతంచెర్ల పద్మక్క మీరేనా?" అని అడిగింది. ఆ ఊరి పేరు కలిపి నన్ను పిలిచినవాళ్ళు ఈ మధ్యకాలంలో లేరు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను కాబట్టి ఈ వీధిలో అందరికీ నేను లెక్కల మేడంనే. "నేను ఓబులేసు సారు కూతుర్ని అక్కా, సునందను. కడప నుంచి వస్తాండా. మా నాయన పోయి నెల దాటింది" అంది. లోపలికి రమ్మన్నాను, మంచినీళ్ళిచ్చాను, అయ్యో అన్నాను. అనాలి కాబట్టి అన్నాను గానీ నాకు దుఃఖమేమీ రాలేదు. ఆ పేరు వినగానే నాకు వచ్చేది ఎప్పుడూ కోపమే. యాభై ఏళ్ళు కావస్తున్నా అది ఇంకా వేడిగానే ఉందని తెలిసి నాకే ఆశ్చర్యం వేసింది.

ఆమె గొట్టం మూత తీసి, లోపలి కాగితాన్ని మెల్లగా లాగి బల్ల మీద పరిచింది. నాలుగు మూలలా లేచిపోతుంటే నేను నా కళ్ళజోడు పెట్టె ఒక మూల, టీవీ రిమోటు ఒక మూల పెట్టాను. కిటికీ పక్కన ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి బొమ్మ. మొత్తం ఒకే రంగు, ఎర్రమన్ను రంగు. ఎక్కడ పలుచనో అక్కడ వెలుగు, ఎక్కడ చిక్కనో అక్కడ నీడ. అది మా పెద్దమ్మ. వేసింది నేను. అప్పుడు నాకు పదిహేనేళ్ళు.

మాది ఉమ్మడి కుటుంబం. మా నాయనా, ఆయన అన్న మా పెద్దనాయనా కలిసి బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ నడిపేవాళ్ళు. ఊరికి దూరంగా కొంత మెట్ట పొలం కూడా ఉండేది గానీ ఇంట్లో మాటంతా బండల గురించే. మిషన్లు తిరుగుతుంటే తడిరాతి వాసన ఇంటిదాకా వచ్చేది. ఎండిన తర్వాత ఆ బురదే తెల్లటి దుమ్మై గడప మీద, మంచాల మీద, ఉతికి ఆరేసిన బట్టల మీద, ఆఖరికి జొన్నరొట్టె మీద కూడా పడేది. మా అమ్మకు రోజులో సగం తుడవడంతోనే సరిపోయేది. తుడిచిన చోట వెనక్కి తిరిగి చూస్తే మళ్ళీ తెల్లగానే ఉండేది. "ఈ ఇంట్లో మనుషులకన్నా దుమ్ముకే మర్యాద ఎక్కువ" అని సణుక్కునేది. మా నాయనమ్మను జేజి అని పిలిచేవాళ్ళం. జేజి వరండాలో మంచం మీద కూర్చుని వక్కాకు నములుతూ ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, ఎవరు ఎన్నిసార్లు పోయారు అన్నీ చూసేది. ఇంట్లో ఎవరికేం కావాలన్నా అడగాల్సింది పెద్దనాయననే. అదీ ఆదివారం పొద్దున్నే, ఆయన తలంటి పోసుకుని, కాఫీ తాగి, పేపరు పక్కన పెట్టాక. చీరలు, పుస్తకాలు, పెళ్ళిళ్ళకు ప్రయాణాలు, అన్నిటికీ ఆ గంటలోనే ఆయన "ఊఁ" అనాలి. అనకపోతే మళ్ళీ ఆదివారం దాకా ఆగాలి.

ఓబులేసు సారు మా స్కూలుకు డ్రాయింగు మాస్టరుగా వచ్చాడు. సన్నటి మనిషి, ఎప్పుడూ ఒకటే బూడిదరంగు ప్యాంటు. సొంతూరు కడప దగ్గర పల్లె. టెంపరరీ పోస్టు. స్కూలు కమిటీలో మా పెద్దనాయన మాటకు బరువుండేది కాబట్టి సారు మా ఇంటికి వస్తే చెప్పులు వీధిలోనే విడిచి, కుర్చీ అంచున కూర్చునేవాడు. నేను నోటుపుస్తకాల వెనక బొమ్మలు వేయడం చూసి ఆయనే అడిగాడు, సాయంత్రాలు నేర్పిస్తానని. ఆడపిల్ల ఖాళీగా ఉండటం కన్నా అదే మేలని పెద్దనాయన ఊఁ అన్నాడు.

నేను ఎగిరి గంతేసి పన్నెండు రంగుల పెట్టె కొనిపించుకున్నాను. సారు దాన్ని తెరిచి చూసి, మూసి, "ఇది మీ అమ్మకియ్యి, దాచిపెడతాది" అన్నాడు. మరుసటి రోజు కాగితం పొట్లంలో ఎర్రమన్ను తెచ్చాడు. మా ఊరి చుట్టుపక్కల గనుల్లో దొరికేదే, సంక్రాంతికి ముందు ఇంటి గోడల అడుగున పట్టీ తీసేదే. దాన్ని పాత పంచెగుడ్డలో జల్లెడ పట్టించాడు. తుమ్మబంక నీళ్ళలో నానబెట్టి, ఆ జిగటతో మన్నును కల్వంలో నూరించాడు. రెండు రోజులు నూరాను. అరచేతులు ఎర్రబడిపోయాయి. ఐదు పింగాణీ కప్పులు వరుసగా పెట్టి, మొదటిదాంట్లో చిక్కటి రంగు, తర్వాత్తర్వాత నీళ్ళు ఎక్కువ, ఐదోదాంట్లో చాయ తెలిసీ తెలియనట్టు. "ఇంగ ఏడాది దాకా ఇదే నీ రంగు" అన్నాడు.

"తెల్లరంగు లేకుండా ఎట్ల సార్?" అన్నాను.

"తెల్లరంగు యాడుండాది పాపా? కాగితమే తెలుపు. నువ్వు ముట్టుకోకుండా ఇడిసిపెట్టిన చోటే వెలుగు. ఒకసారి తడి తగిలిందంటే ఆ వెలుగు పోయినట్టే, మళ్ళీ రాదు."

ఆ ఏడాది నేను వేసినవి ఏమిటో చెబితే ఎవరైనా నవ్వుతారు. తెల్ల తువ్వాలు మీద కోడిగుడ్డు. వంకాయ. పెద్దనాయన కాఫీ తాగే ఇత్తడి లోటా. ఫ్యాక్టరీ వెనక పేర్చిన బండలు. ఒకటే బండ తడిగా ఉన్నప్పుడు ఎంత నల్లగా ఉంటుందో, ఎండితే ఎంత తెల్లబడిపోతుందో చుట్టూ తిరుగుతూ పెరిగినదాన్ని, అయినా అంతకుముందు నేను చూడలేదు. సారు కళ్ళు సగం మూసుకుని చూడమనేవాడు. అట్లా చూస్తే రంగులు పోతాయి, వెలుగూ నీడా మిగులుతాయి. "వంకాయ ఊదా రంగని నీకు తెలుసు గదా, అదే తప్పు. తెలిసింది వేయొద్దు, కనపడింది వెయ్యి" అని రోజుకు పదిసార్లు చెప్పేవాడు. కొన్నాళ్ళకు నాకు ఆ పిచ్చి పట్టుకుంది. అన్నం తింటూ గిన్నె వైపు కళ్ళు చికిలించి చూస్తుంటే, ఈ పిల్లకు చూపు పోతోందేమోనని అమ్మ భయపడింది. నాకు మాత్రం అంత సంతోషమైన కాలం మళ్ళీ రాలేదు. ఇది నా పెళ్ళి తర్వాత కూడా అన్నాను, మా ఆయన నొచ్చుకున్నాడు.

ఏడాది చివర సారు ఒక దరఖాస్తు తెచ్చాడు. డ్రాయింగులో ప్రభుత్వం పెట్టే పై పరీక్ష. కడపలో మూడు రోజులు ఉండి రాయాలి. అది పాసైతే తర్వాత హైదరాబాదులో బొమ్మల కాలేజీకి దారి ఉంటుందని చెప్పాడు. దరఖాస్తు మీద ఇంటి పెద్ద సంతకం కావాలి. ఒక ఆడపిల్ల మూడు రాత్రులు ఇల్లు దాటి ఉండటం మా ఇంట్లో కనీవినీ ఎరుగనిది. సారు, నేను కూర్చుని ఆలోచించాం. పెద్దనాయనకు ఇష్టమైనదాన్ని బాగా వేసి చూపించి, ఆ ఊపులో అడగాలని నిర్ణయించుకున్నాం. ఆయనకు పెద్దమ్మ అంటే ప్రాణం. పైకి చెప్పేవాడు కాదు గానీ, ఆమె కంచం దగ్గరికి రాకపోతే ముద్ద ఎత్తేవాడు కాదు.

పెద్దమ్మకు రోజూ మధ్యాహ్నం మూడు దాటాక పడమటి కిటికీ దగ్గర కూర్చుని కందుల్లో రాళ్ళు ఏరుకోవడం అలవాటు. నాలుగు రోజులు ఆ వేళకు ఎదురుగా కూర్చుని వేశాను. ఎండ కిటికీలోంచి ఏటవాలుగా వచ్చి ఆమె ముఖం మీద పడేది. ఆమె సీసా తిలకం పెట్టుకునేది. ఎర్రటి తడి తిలకం ఆరితే గాజులాగా మెరిసేది. నేను కూర్చున్న వైపు నుంచి చూస్తే ఆ ఎండ నేరుగా బొట్టు మీద పడి, ముఖంలో అన్నిటికన్నా తెల్లగా, కళ్ళు జిగేలుమనేట్టు వెలిగేది. ఎరుపు అసలు కనపడేది కాదు. నేను చేయి ఆపి చాలాసేపు చూశాను. బొట్టు ఎర్రగా ఉంటుందని నాకు తెలుసు, కానీ కనపడింది తెలుపు. ఆ చోటు గుండ్రంగా, కాగితాన్ని కాగితంలాగే వదిలేశాను. చుట్టూ నుదురంతా పలుచటి ఎర్రమన్ను, మధ్యలో శనగగింజంత తెలుపు.

శనివారం సాయంత్రం సారు చూశాడు. చూస్తూనే కుర్చీలో వెనక్కి వాలాడు. మా ఇంట్లో ఆయన వీపు కుర్చీకి ఆనించడం అదే మొదటిసారి. "నాకు ఇంత బాగా రాదు పాపా" అన్నాడు.

నాకు లోపల ఒక భయం ఉంది. అడిగేశాను. "సార్, బొట్టు తెల్లగా వచ్చింది. ఇంట్లో ఏమన్నా అంటారేమో?"

"ఎండ మెరిసింది, నువ్వు మెరుపేసినావు. అదే ఈ బొమ్మకు ప్రాణం. ఎవరేమన్నా దాన్ని ముట్టుకోవద్దు. నేనుండా గదా, నేను చెప్తా."

ఆ రోజు నేను ఆయన్ను ఎంత నమ్మానో చెప్పాలంటే, మా నాయనను కూడా అంత నమ్మలేదు.

ఆదివారం పొద్దున తలంటు అయింది, కాఫీ అయింది. హాల్లో పెద్దనాయన, మా నాయన, మంచం మీద జేజి, వాకిలి దగ్గర అమ్మ, పెద్దమ్మ. సారు కుర్చీ అంచున, చేతిలో కాఫీ గ్లాసుతో ఉన్నాడు. దరఖాస్తు నా పుస్తకంలో ఉంది. నేను బొమ్మను పెద్దనాయన ముందు పెట్టి పట్టుకున్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. ముఖం విచ్చుకోవడం నేను చూశాను, అది కల్పన కాదు. "ఇది మన పద్మ ఏసిందేనా? అచ్చం మీ పెద్దమ్మేనమ్మీ! ఆ చాట పట్టుకునే తీరు సూడు" అన్నాడు. పెద్దమ్మ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జేజి మంచం మీద నుంచి ముందుకు వంగింది. "బొట్టేదే?" అంది.

"నుదుట్న తెల్లగా అదేందే? ఇబూదా?" అంది జేజి మళ్ళీ. మా ఇళ్ళలో మొగుడు పోయిన ఆడవాళ్ళే ఎర్రబొట్టు తీసేసి విభూతి పెట్టుకునేది. పైగా పెద్దనాయన అంతకు నెల ముందే గుండెలో నొప్పని కర్నూలు పెద్దాసుపత్రిలో వారం రోజులు ఉండి వచ్చాడు. ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. పెద్దమ్మ చేయి దానంతటదే నుదుటి మీదికి పోయింది. బొట్టు ఉందో లేదో తడిమి చూసుకుంది.

పెద్దనాయన కళ్ళజోడు తీశాడు. "ఈ మాదిరి ఎయ్యమని ఎవరు చెప్పినారు నీకు?"

"అది ఎండ పెద్దనాయనా, తిలకం మెరిసింది. కాగితం తెలుపు. సారే ముట్టుకోవద్దన్నాడు" అన్నాను. సారు వైపు చూశాను. ఇప్పుడు చెప్తాడని చూశాను. ఎండ గురించి, కళ్ళు సగం మూసుకోవడం గురించి చెప్తాడు, అందరినీ ఆ కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూపిస్తాడు అనుకున్నాను.

సారు గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. "నేనట్ల చెప్పలేదు పెద్దాయనా. బొట్టు పెట్టమనే చెప్పినా. చిన్నపిల్ల గదా, మర్చిపోయినట్టుండాది" అన్నాడు. నా వైపు చూడలేదు. అరుగు మీద ఉన్న నా కప్పుల దగ్గరికి పోయి, మొదటి కప్పులోని చిక్కటి రంగులో బ్రష్షు ముంచి, వచ్చి, నా చేతుల్లో ఉన్న కాగితం మీదే పెద్దమ్మ నుదుటి మధ్యలో గుండ్రంగా బొట్టు పెట్టాడు. "ఇంగ సరిపోయింది" అన్నాడు.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. పెద్దనాయన అరవలేదు. "చదువుకునే పిల్లకు ఈ రంగుల గోల ఎందుకు, సాలు" అని పేపరు తీసుకున్నాడు, అంతే. దరఖాస్తు నేను బయటికి తీయనే లేదు. వంటింట్లో అమ్మ నా చెంప పగలగొట్టింది. బొట్టు గురించి కాదు. "తప్పు చేసిందే కాక సారు మీదికి తోస్తావా? ఇంత అబద్ధాలకోరువి ఎప్పుడైనావే?" అంది. చెంపదెబ్బ మరునాటికి పోయింది. ఆ మాట పోలేదు. తర్వాత ఇంట్లో పాలు విరిగినా, గ్లాసు పగిలినా నేను కాదన్నప్పుడల్లా ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు. పెద్దమ్మ నన్ను ఒక్కమాట అనలేదు గానీ ఆ కిటికీ దగ్గర కూర్చోవడం మానేసింది. సీసా తిలకం మాని కుంకుమ పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ రోజే మిగతాది కూడా సరిచేసి తెస్తానని బొమ్మ చుట్టుకుని పోయిన సారు మళ్ళీ మా ఇంటికి రాలేదు. ఆ వేసవికి ఆయన పోస్టు పర్మనెంటయింది. పెద్దనాయన గట్టిగా చెప్పబట్టే అయిందని ఇంట్లో అనుకున్నారు. స్కూల్లో ఒకసారి మెట్ల దగ్గర ఎదురుపడితే, "నీకు ఇప్పుడు తెలీదు పాపా" అని పక్కకు తప్పుకుని పోయాడు. ఇంకో సంగతి, పెద్దనాయన ఆ తర్వాత ఇరవై ఏళ్ళు నిక్షేపంగా బతికాడు. పెద్దమ్మే ముందు పోయింది, నుదుట ఇంత కుంకుమతో.

ఇప్పుడు మా చెల్లెలి మనవరాలు కడపలోనే హాస్టల్లో ఉండి బిల్డింగు డిజైన్ల చదువు చదువుతోంది. మూడు రాత్రులు కాదు, మూడు నెలలకొకసారి ఇంటికి వస్తుంది, ఎవరి సంతకమూ అడగదు. గాజు పలకలాంటి ట్యాబ్ మీద ప్లాస్టిక్ పెన్నుతో బొమ్మలు వేస్తుంది. తప్పు వేస్తే వేలితో ఒక్కటి తడితే వెనక్కి పోతుంది, వెలుగు మళ్ళీ వచ్చేస్తుంది. నాకు దాన్ని చూస్తే ఆనందంగానే ఉంటుంది, కుళ్ళుగా కూడా ఉంటుంది, ఎందుకు దాచాలి. సారు సంగతి కూడా నాకు అర్థం కాలేదనుకోవద్దు. టెంపరరీ ఉద్యోగం, పల్లెలో ముసలి తల్లిదండ్రులు, ఎదురుగా ఆ ఉద్యోగాన్ని ఉంచనూ ఊడబెరకనూ గల మనిషి. నేనూ ఉద్యోగం చేశాను, హెడ్మాస్టర్ల ముందు నేనూ నోరు మూసుకున్నాను. ఆయన నోరు మూసుకుని ఉంటే ఎప్పుడో మర్చిపోయేదాన్ని. మూసుకోలేదు, నన్ను అబద్ధాలకోరును చేశాడు. పెట్టొద్దని నాకు చెప్పిన బొట్టును తన చేత్తో పెట్టాడు.

సునంద బల్ల మీది బొమ్మ వైపు మురిపెంగా చూస్తోంది. "మా నాయన కడపకు మారినాక కూడా ప్రతి ఏడూ కొత్త పిల్లోళ్ళకి ఇదే చూపిస్తాండె అక్కా. ఒక్క రంగుతో వెలుగు ఎట్ల తెస్తారో చూడండిరా అని. ఆ కత కూడా చెప్తాండె."

"ఏం కథ?"

"అదే, ఇంట్లో పెద్దోళ్ళంతా బొట్టు పెట్టాల్సిందేనని గలాటా చేస్తే, ఆ పాప కంటికి కనపడింది అదే, నా ఉద్యోగం పోయినా సరే పెట్టనియ్యనని మా నాయన అడ్డం నిలబడినాడంట గదా! నేను చిన్నప్పట్నుంచీ ఎన్నిసార్లు విన్నానో. ఇప్పుడు ఆయన శిష్యులంతా కలిసి ఒక పుస్తకం వేస్తాండారు. ముందు ఈ బొమ్మ, దాని పక్కన ఆ కత. ఆ పొద్దు ఆడ ఉన్నోళ్ళలో మీరొక్కరే ఉండారు. మీరు రెండు మాటలు రాస్తే..."

నేను బొమ్మ మీదికి వంగాను. నుదుటి మీద ఆ చిక్కటి బొట్టు లేదు. దాని చోట మాసిన తెలుపు, చుట్టూ లేత ఎర్రటి మరక. తడి బ్రష్షుతో ఎన్నిసార్లో రుద్ది, అద్ది, రుద్ది తీశాడు. ఒకసారి తడి తగిలితే రాదని చెప్పిన వెలుగు కోసం కాగితం పొర లేచిపోయేదాకా రుద్దాడు. కాగితం ముందు ఒప్పుకున్నాడు. మనుషుల ముందు మాత్రం తన అబద్ధాన్ని నా మీదే ఉంచి, తన ధైర్యాన్ని తనే కల్పించుకుని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పాడు. ఆ ధైర్యం ఎట్లా ఉండాలో ఆయనకు ఇంత బాగా తెలుసు. తెలిసీ ఆ రోజు చేయలేదు. యాభై ఏళ్ళ కోపం మీద ఇంకో కోపం వచ్చి కూర్చుంది.

అబద్ధం రాయొచ్చు. ఎవరికీ నష్టం లేదు, ఆ అమ్మాయి సంతోషిస్తుంది. కానీ అప్పుడు మా అమ్మ నాకు పెట్టిన పేరును నేనే నిజం చేసినట్టవుతుంది.

"అట్లా జరగలేదమ్మా" అన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె వేలు పట్టుకుని నుదుటి మీద గరుకు తేలిన చోట పెట్టాను. "ఇది మీ నాయన పెట్టిన బొట్టు. మళ్ళీ ఆయనే రుద్దేశాడు."

ఆమె వేలు వెనక్కి లాక్కుంది. "పాత కాగితం అక్కా, అట్లనే లేస్తాది."

"అట్లా అయితే అంతటా లేవాలి గదా."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా నాయన అబద్ధం చెప్పే మనిషి కాదు" అంది. "మీ మీద ఆయన ఒక్క మాట కూడా చెడ్డగా అనలేదు. ఆయన లేనప్పుడు మీరిట్ల నింద వేస్తారా?"

నేను చెప్పింది నిజమేనని పదిహేనేళ్ళప్పుడు ఎట్లా రుజువు చేయలేకపోయానో ఇప్పుడూ అంతే. ఆమె నా కళ్ళజోడు పెట్టె, రిమోటు పక్కన పెట్టి కాగితాన్ని చుట్టింది. గొట్టంలో పెట్టి మూత బిగించింది. ఆ బొమ్మ నాది, నాకు ఇచ్చిపో అని నోటిదాకా వచ్చింది. అడగలేదు. గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. మంచి పిల్ల, కోపంలో కూడా నాకు ఇబ్బంది కలగకూడదని చూసింది.

"మీకు ఇష్టం లేదు గదా అక్కా, పుస్తకంలో మీ పేరు వేయంలే. బొమ్మ కింద ఊరికే ఒక శిష్యురాలు అని రాసుకుంటాం" అని, గేటు గడియ తనే వేసి వెళ్ళిపోయింది.